గుమ్మం లేని గోడ
నిన్న సాయంత్రం హైదరాబాద్ కోకాపేటలో చుట్టాలింటి నుంచి అమ్మా నేనూ ఆటో కోసం మెయిన్ రోడ్డు దాకా నడిచాం. దారి పక్కనే ఒక పెద్ద టవర్. పైన నలభై అంతస్తులు కళ్లు చెదిరేలా ఉన్నాయి. కింద మాత్రం ఐదంతస్తుల పార్కింగ్, చుట్టూ ప్రహరీ. అంత పొడవునా ఒక్క తలుపు లేదు, కొట్టు లేదు. జాలీల్లోంచి వేడిగాలి, పొగ వాసన. అమ్మకు మోకాళ్ల నొప్పులు. మధ్యలో గోడకు చెయ్యి ఆనించి నిలబడిపోయింది. "ఇంత పెద్దది కట్టి, రోడ్డు వైపు గుమ్మమే పెట్టలేదేంట్రా?" అంది.

నాకు పాతబస్తీలోని పత్తర్‌గట్టి గుర్తొచ్చింది. 1908 మూసీ వరదల తర్వాత, 1912లో ఏర్పడిన సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు కట్టించిన రాతి బజారు. కింద మలిగీలు, అంటే కొట్లు, వాటి ముందు కమానుల నీడలో నడిచే దారి. చిన్నప్పుడు అమ్మ నా చెయ్యి పట్టుకుని, అత్తరు షాపుల ముందు నుంచి ఆ నీడలోనే నడిపించేది. అలసిపోతే మెట్టు మీద కూర్చునేవాళ్లం, ఎవరూ లేవమనేవారు కాదు.

ఎత్తుగా కట్టొద్దని నేననను. కానీ కింది అంతస్తు నడిచేవాళ్లది కూడా కదా! ఒక మందుల షాపు, ఒక టీ కొట్టు, కాస్త నీడ, కూర్చోడానికి ఒక అరుగు ఉండాలి.

నిన్న అమ్మ చివరికి గేటు దగ్గర వాచ్‌మన్ తెచ్చిచ్చిన ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుంది.