పండుగప్ప జిగురుతో నా ప్రాజెక్టు

చేపలు తెస్తే మా అమ్మ ముందు చేసే పని రాళ్ల ఉప్పు వేసి రుద్దడం. జిగురంతా పోయి ముక్క చేతికి ఆనేదాకా వదలదు, లేకపోతే పులుసు నీచు వాసన వస్తుందంటుంది. అలాంటి నెల్లూరు ఇంట్లో పుట్టి, ఎమ్మెస్సీ జువాలజీ ప్రాజెక్టుకి నేను పట్టుకున్నది ఆ జిగురునే.

పండుగప్ప చేప ఏటి నీళ్లలో, ఉప్పుటేర్లలో పెరుగుతుంది. గుడ్లు పెట్టడానికి మాత్రం సముద్రపు మొగ వైపు దిగుతుంది, దాని గుడ్లు ఉప్పునీళ్లలోనే తేలి బతుకుతాయి. మా పెన్న ఊటుకూరు దగ్గర సముద్రంలో కలుస్తుంది. అలాంటి దారిలో చేపకి నీళ్లే మారిపోతాయి. మంచినీళ్లలో ఉన్నంతసేపూ నీరు ఒంట్లోకి చొరబడుతుంటుంది, ఉప్పు బయటికి పోతుంటుంది. సముద్రంలో ఇదంతా తిరగబడుతుంది. ఒంట్లో నీరు లాగేస్తుంటే చేప ఆ ఉప్పునీళ్లే తాగి, ఎక్కువైన ఉప్పుని మొప్పల్లోంచి తోసేస్తుంది. మధ్యలో జిగురు ఒక పలుచని తెర. ఆ జిగురు చేసే కణాలు ఎలా మారతాయో చూద్దామనుకున్నాను. పేరు కూడా ఘనంగా పెట్టాను, 'వలసలో పండుగప్ప జిగురు కణాలు' అని.

పర్మిషన్ కాగితాలకే నెల పోయింది. తర్వాత కృష్ణపట్నం వైపు రొయ్యల గుంటల పక్కనే పండుగప్ప పెంచే రైతు దగ్గర పన్నెండు పిల్లలు తెచ్చాను. "ఉప్పు ఒక్కసారే పెంచబాక అబ్బయా. సైజులు కూడా కలపబాక, పెద్దది చిన్నదాన్ని మింగేస్తది" అన్నాడాయన. మొదటి మాట విన్నాను. రెండో రోజు పొద్దున లెక్కపెడితే పదకొండే, ఒకదాని పొట్ట ఉబ్బి ఉంది.

సగం చేపల్ని మంచినీళ్లలోనే ఉంచి, మిగతావాటికి ఉప్పుని రోజుకు మూడు పీపీటీ (వెయ్యి పాళ్లలో మూడు పాళ్లు) చొప్పున పెంచి పది రోజుల్లో ముప్పైకి తెచ్చాను. మత్తుకి లవంగ నూనె. ల్యాబంతా బిర్యానీ వాసన, పక్క గది వాళ్లు తొంగి చూసిపోయారు.

అసలు తప్పు అప్పుడే జరిగింది. చేప జారిపోతోందని పొడి తువాలుతో పట్టుకున్నాను. ఫార్మలిన్, ఆల్కహాలు, మైనం, మైక్రోటోమ్ అనే కోత యంత్రం మీద అయిదు మైక్రాన్ల పలుచని ముక్కలు, ఇన్ని చేసి స్లైడు చూస్తే చర్మం పైపొర లేదు, అంచంతా చిరిగిన గుడ్డలా ఉంది. మేడం చూసి ఒకే మాట అడిగారు, "తువాలుతో తుడిచావా?" అమ్మ ఉప్పుతో చేసే పని నేను తువాలుతో చేశాను, అంతే. టెన్షన్‌తో మళ్లీ రైతు దగ్గరికి, మళ్లీ పది రోజులు.

రెండోసారి తడి గ్లౌజులతో తోక దగ్గర పట్టుకున్నాను, ప్రతి చేపలోనూ ఒకే చోట కోశాను, నీళ్లతో కడగలేదు. జిగురుకి రంగెక్కించే షిఫ్ ద్రావణం ఫ్రిజ్ బయట మరిచిపోతే గులాబీ రంగుకి తిరిగింది, పారబోసి కొత్తది తెచ్చుకున్నాను. అది కొంటే చాలు, ఏడవక్కర్లేదు.

ఈసారి స్లైడు చూసినప్పుడు కాసేపు కుర్చీలోంచి లేవలేదు. మొప్ప దువ్వెన పళ్లలా ఉంది. అంచు వెంబడి చిన్న చిన్న కుండల్లా జిగురు కణాలు, మూతి పైకి, న్యూక్లియస్ అడుగుకి అణిగి. ఆమ్ల జిగురు ఉన్నవి ఆల్షియన్ బ్లూ అనే రంగుకి నీలం, మామూలు జిగురువి షిఫ్‌కి గులాబీ, రెండూ ఉన్నవి ఊదా. ఒక కుండ అప్పుడే మూతి తెరిచినట్టుంది, నీలం బయటికి కారుతూ ఆగిపోయింది. ఈ కణాలు కింది పొరల్లో పుట్టి పైకెక్కి, అక్కడ జిగురు వదిలేస్తాయి.

మంచినీళ్ల చేపల మొప్పల్లో నీలం కుండలు ఎక్కువ కనిపించాయి, ఉప్పునీళ్ల వాటిలో తక్కువ. చర్మంలో తేడా తేలలేదు. ఆమ్ల జిగురుకి రుణావేశం ఉంటుంది కాబట్టి సోడియం లాంటివాటిని దగ్గర పట్టి ఉంచుతుందని, ఉప్పు పోగొట్టుకునే చేపకి అది ఆసరా కావచ్చని రాశాను. అయిదారు చేపలతో అంతకంటే గట్టిగా చెప్పలేం.

వైవాలో బయటి నుంచి వచ్చిన సార్ స్లైడ్లు మెచ్చుకుని, "ఇవి గుడ్లు పెట్టబోయే చేపలా?" అన్నారు. కాదండీ, పిల్లలు అన్నాను. ట్రౌట్ మగచేపల్లో ఆ కాలానికి చర్మం మందమై జిగురు కణాలు తగ్గుతాయి, అది హార్మోన్ల పని, నువ్వు చూసింది ఉప్పు ఒక్కటే కదా అన్నారు. నిజమే. పెన్ను తీసి అక్కడే టైటిల్లో 'వలసలో' కొట్టేసి 'ఉప్పు మారినప్పుడు' అని రాశాను.