650 సీసీ బండి, 40 నిమిషాల కొండ దారి

రాయల్ ఎన్‌ఫీల్డ్ ఇంటర్‌సెప్టర్ 650 బండి కొన్న మొదటి నెలంతా తిరుపతి నుంచి చిత్తూరుకు ఆరు వరుసల రోడ్డు మీద వెళ్లి రావడమే నా పని. పదహారేళ్లు వంద సీసీ బండి మీద ఆఫీసుకు తిరిగినవాడి చేతికి 648 సీసీ, 47 హార్స్‌పవర్ ఇంజిన్ వచ్చింది. స్పీడోమీటర్ ముల్లు 120 దాటింది. ఒక తెల్లవారుజామున 140 తాకింది. ఇంటికి వచ్చేసరికి మెడ పట్టేసేది, చెవుల్లో హోరు మధ్యాహ్నం దాకా వదిలేది కాదు. పూతలపట్టు దగ్గర మామిడి తోటలు పూత మీద ఉన్నాయా అని అమ్మ అడిగితే చెప్పలేకపోయాను. వాటి పక్కనుంచే వెళ్లాను, కానీ చూడలేదు.

ఆ నెలలోనే మా ఆవిడను కాణిపాకం తీసుకెళ్లాను. దర్శనం అయ్యాక బండి తీస్తుంటే, "ఏమండీ, నేను బస్సులో వచ్చేస్తాను" అంది. కోపంగా కాదు, మామూలుగానే అంది. బస్సు ఎక్కించి వెనకాలే వచ్చాను. ఆ మాట చాలా రోజులు మనసులో ఉండిపోయింది.

మార్పు మొదలైంది మాత్రం తిరుమల ఘాట్‌లో. కొండ దిగే రోడ్డు 1944లో వేసిన పాతది, దాదాపు 19 కిలోమీటర్లు. ఎక్కడానికి కనీసం 28 నిమిషాలు, దిగడానికి కనీసం 40 నిమిషాలు పట్టాలన్నది అక్కడి నిబంధన. పైన టోల్‌గేటు దగ్గర బయలుదేరిన సమయం నమోదవుతుంది, కింద అలిపిరిలో సరిచూస్తారు. ఆ రోజు నేను 31 నిమిషాలకే దిగేశాను. "సార్, ఇంకా తొమ్మిది నిమిషాలుంది. పక్కన ఆపుకోండి" అన్నారు అక్కడి సిబ్బంది.

పక్కన ఆపాను. వేడెక్కిన సైలెన్సర్లు చల్లారుతూ టిక్కు టిక్కుమంటున్నాయి. ముందు డిస్కు దగ్గర చెయ్యి పెడితే సెగ కొట్టింది, బ్రేకు ప్యాడ్ల మాడు వాసన వస్తోంది. ప్రతి మలుపు దాకా దూసుకురావడం, బ్రేకు గట్టిగా పట్టడం, మళ్లీ దూసుకుపోవడం, దారి పొడవునా నేను చేసింది ఇంతే. 19 కిలోమీటర్లకు 40 నిమిషాలంటే సగటున గంటకు 30 కూడా లేదు. ఆ తొమ్మిది నిమిషాలను గేటు దగ్గర నిలబడి గడపడం కన్నా మలుపుల్లో గడిపితే ఎలా ఉంటుందో చూడాలనిపించింది.

పై వారం మళ్లీ వెళ్లాను. ఈసారి దిగేటప్పుడు రెండో గేరులోనే ఉంచి, యాక్సిలరేటర్ వదిలేసి, ఇంజిన్ పట్టుతోనే వేగం తగ్గనిచ్చాను. మలుపుకు ముందే వేగం తగ్గించుకోవాలి, చూపు చక్రం ముందు కాకుండా మలుపు చివర ఉండాలి, చేతులు వదులుగా ఉండాలి. రెండు క్వింటాళ్లు దాటిన బండి కుడికి వాలి, లేచి, ఎడమకు వాలుతుంటే ఆ బరువు కదలిక తొడల కింద తెలిసింది. 140లో ఒక్కసారి కూడా తెలియనిది 30లో తెలిసింది. కాలినడక భక్తులు రోడ్డు వెంట నడిచే చోట, మోకాళ్ల మెట్టుకు ముందు, వాళ్ల గోవింద నామాలు హెల్మెట్ లోపలికి వినిపించాయి.

ఆ తర్వాత మూడు నెలలు ఆదివారం తెల్లవారితే భాకరాపేట ఘాట్ వైపే. శ్రీనివాసమంగాపురం, రంగంపేట దాటి అడవి మొదలవుతుంది. నాకు నేను పెట్టుకున్న హద్దు 60. 2018లో కేంద్రం ప్రకటించిన గరిష్ఠ పరిమితుల్లో మోటార్ సైకిళ్లకు విభజిత నాలుగు వరుసల రోడ్డు మీద 80, మామూలు రోడ్ల మీద 60. ఘాట్ మలుపుల్లో ఆ 60 కూడా ఎక్కువే. 2022 మార్చిలో నిశ్చితార్థానికి వెళ్తున్న బస్సు లోయలో పడింది ఈ ఘాట్‌లోనే. అక్కడికి వచ్చినప్పుడల్లా యాక్సిలరేటర్ మీద చెయ్యి దానంతట అదే తేలికవుతుంది.

పెద్ద ఇంజిన్ వేగం కోసమే అనుకునేవాళ్లకు నేను చెప్పదలచుకున్నది ఇక్కడుంది. ఈ బండి టార్క్‌లో, అంటే చక్రాన్ని తిప్పే బలంలో, దాదాపు 80 శాతం 2500 ఆర్‌పీఎమ్‌కే (ఇంజిన్ నిమిషానికి 2500 సార్లు తిరిగేటప్పుడే) అందుతుందని కంపెనీ చెబుతుంది. నాలుగో గేరులో 60 మీద వెళ్తుంటే ఆర్‌పీఎమ్ ముల్లు 3000 దగ్గర ఉంటుంది. మలుపు బయటకు రాగానే గేరు మార్చకుండా మణికట్టు కొంచెం తిప్పితే చాలు, వెనక నుంచి ఎవరో అరచేత్తో నెట్టినట్టు ఉంటుంది. పిస్టన్లు తిప్పే ఇరుసు, అంటే క్రాంకు, 270 డిగ్రీల అమరిక వల్ల రెండు సిలిండర్లు సమాన విరామాలతో పేలవు. తాళం తప్పినట్టే ఉండి తప్పని ఆ దరువు గాలి హోరు లేనప్పుడే చెవికి అందుతుంది. 120లో నాకు వినిపించింది గాలి మాత్రమే.

ఒకరోజు మలుపు తిరగగానే రోడ్డు నిండా మేకలు. 40 మీద ఉన్నాను, రెండు వేళ్లతో బ్రేకు పడితే ఆగిపోయింది. అదే 80 అయితే బ్రేకు పట్టాక ఆగడానికి నాలుగింతల దూరం కావాలి. మందను తోలుకొచ్చే పెద్దాయన తువ్వాలు ఊపుతూ మేకపిల్లలను పక్కకు అదిలించి, బండి వైపు చూసి, "ఇంత పెద్ద బండి, ఇంత నిదానంగా పోతావా నాయనా?" అన్నాడు. ఇంజిన్ ఆపి పది నిమిషాలు మాట్లాడుకున్నాం. తలకోన వాగులో నీళ్లు ఎప్పుడు బాగుంటాయో ఆయన్ను అడిగే తెలుసుకున్నాను.

మధ్యలో ఒక పని తప్పనిసరిగా చేశాను. ఊరి బయట ఖాళీ రోడ్డు మీద 30, 40, 50 వేగాల్లో గట్టిగా బ్రేకు పట్టి చూసుకున్నాను. గట్టిగా బ్రేకు పట్టినా చక్రం బిగుసుకుపోకుండా చూసే ఏబీఎస్ పనిచేస్తుంటే లివరు వేళ్ల కింద కొట్టుకుంటుంది. మొదటిసారి భయపడి వదిలేశాను. ఆ కొట్టుకోవడం వేళ్లకు అలవాటయ్యేదాకా ఇరవై సార్లయినా చేసి ఉంటాను. పెద్ద బండి కొన్న ప్రతి ఒక్కరూ మొదటి వారంలోనే ఇది చేయాలి.

పోయిన నెల మా ఆవిడ తనే అడిగింది, కొండకు బండి మీద వెళదామా అని. దర్శనం చేసుకుని సాయంత్రం వెలుతురు ఉండగానే దిగాం. మొదటి మలుపుల్లో నా భుజం గట్టిగా పట్టుకున్న చెయ్యి, జింకల పార్కు దగ్గరకు వచ్చేసరికి వదులైంది. లోయ కింద తిరుపతి దీపాలు ఒక్కొక్కటే వెలుగుతుంటే, ఏ వీధి ఎక్కడో నా చెవి దగ్గర చెబుతూ వచ్చింది. అలిపిరి గేటులో సమయం చూశారు. 46 నిమిషాలు.

"అప్పుడే వచ్చేశామా?" అంది.