నీలం చీర బొంత

పదకొండున్నర దాటింది. ఒళ్ళో బొంత, చేతిలో బ్లేడు. ఇప్పటికి పద్నాలుగు వరుసలు విప్పాను. ఆయన రెండుసార్లు లేచి చూసి, ఏమీ అనకుండా వెళ్ళి పడుకున్నారు.

అమ్మ నీలం చీరతో కుట్టించిన బొంత ఇది. కోనసీమలోని బండారులంక నేత, ఉతికి ఉతికి వెన్నలా మెత్తబడింది. అయిదున్నర మీటర్ల చీరను మూడు మడతలు వేస్తే పొడవు ఆరడుగులు వస్తుంది, పన్నా నాలుగడుగులకు కాస్త తక్కువ. మా పెద్దమ్మాయికి సరిపోయే వేసవి బొంత. తెల్లవారుజామున కాస్త చల్లబడినప్పుడు కప్పుకోవడానికి మన ఊళ్ళో అంతకన్నా బరువు ఎవరికి కావాలి?

"మూడు పొరలే, మధ్యలో ఏమీ పెట్టవద్దు" అని కుట్టే అతనికి రెండుసార్లు చెప్పాను. బొంత ఇంటికి రాగానే పెద్దది బుగ్గకు ఆనించుకుని, "అమ్మమ్మ చీరే" అని నవ్వింది. రాత్రి కప్పితే అరగంటలో దాని మెడంతా చెమట. మూల విప్పి చూశాను. లోపల తెల్లటి పాలిస్టరు పొర! ఈ రోజు మిట్టమధ్యాహ్నం ఎండలో పడి అడగడానికి వెళ్ళాను. "లోపల ఏమీ లేకపోతే బొంత ఎలా అవుతుందండీ, చీరలా వేలాడుతుంది" అన్నాడు. చీరలా వేలాడాలనే కదా ఇచ్చింది! పైగా ఆ పొరకు వేరే డబ్బు తీసుకున్నాడు. నూలు చెమటను పీల్చుకుని గాలికి ఆరిపోతుంది. పాలిస్టరు పీల్చదు, ఒంటి వేడిని బయటికి పోనివ్వదు. గాలిలోనే ఇంత తేమ ఉండే చోట పిల్ల మీద అది కప్పమంటాడా? దారి పొడవునా కోపం తగ్గలేదు. ఇప్పటికీ తగ్గలేదు.

వరుసలు విప్పుతుంటే ఏటిగట్టు గుర్తుకొచ్చింది. 1986 ఆగస్టు వరద. నాకు ఎనిమిదేళ్ళు. గోదావరి లంకల మీదికి వచ్చేస్తే అందరం గట్టు ఎక్కాం. అమ్మమ్మ బియ్యం మూటతో పాటు రెండు బొంతలు తెచ్చింది. ఒకటి అయిదారు చీరలు పరిచి కుట్టిన మందపు బొంత, రెండోది పలచటిది. రెండూ వానకు తడిశాయి. మందపు బొంతను అమ్మా, మామయ్యా చెరో కొసా పట్టుకుని మెలితిప్పి పిండినా నీళ్ళు కారుతూనే ఉన్నాయి. ఆ ముసురులో అది ఆరలేదు. మూడో రోజుకు ముక్క వాసన, ఆ తర్వాత నల్లటి బూజు చుక్కలు. చివరికి గట్టు మీదే వదిలేశారు. పలచటిది మాత్రం వాన తెరిపి ఇచ్చిన ఒక్క పూటలో చింతకొమ్మ మీద ఆరింది. ఆ రాత్రి నన్నూ, చెల్లినీ అందులో చుట్టి అమ్మమ్మ తెల్లవార్లూ కూర్చుంది. ఇంటికి వెళ్ళాక ఆవిడ మూడు పొరలకు మించి మళ్ళీ కుట్టలేదు. వరుసకూ వరుసకూ నాలుగు వేళ్ళ ఎడం. నాకు ఆ కుట్లు నచ్చేవి కావు. తొందరగా ముగించడానికి అలా వేస్తుందనుకునేదాన్ని.

అక్కడే చెయ్యి ఆగింది. ఈ చిన్న చిన్న డైమండ్ గళ్ళు అడిగింది నేనే. ఫోనులో బొమ్మ చూపించి, బాగా దగ్గరగా కుట్టమన్నాను. ఇప్పుడు చూస్తే, పాలిస్టరు అందని అంచుల్లో కూడా గళ్ళు పడినంత మేరా గుడ్డ అట్టలా బిగిసి ఉంది. అంగుళానికో వరుస పడితే పొరల మధ్య గాలి ఎలా ఉంటుంది? బొంత ఒంటి మీద ఎలా వాలుతుంది? పాలిస్టరు అతని తప్పే, అందులో నా మాట మారదు. ఈ బిరుసుదనం మాత్రం నాది. అమ్మమ్మది తొందర కాదు.

మిషను దారం గట్టిది, పాత నేతను కోసేస్తోంది. విప్పినచోట చీర రెండు చోట్ల చిరిగింది. అమ్మ కట్టిన చీర. చాలాసేపు ఆ చిరుగుల మీదే చెయ్యి పెట్టుకుని కూర్చున్నాను.

మిగిలిన వరుసలు రేపు విప్పాలి. వేసవికి కాలువల్లో నీళ్ళు ఆపేశారు కాబట్టి నీళ్ళు చూసుకుని ఉతకాలి. తర్వాత చేత్తోనే కుడతాను, నాలుగు వేళ్ళ ఎడంతో. అమ్మమ్మ పాత చీర అంచుల్లోంచి దారం లాగి కుట్టేది. నీలం చీర అంచు కత్తిరించి దాచాను. లాగితే తెగకుండా వస్తుందో లేదో పొద్దున వెలుతురులో చూడాలి.