చీపురుపుల్లలు, నానిన శనగలతో టవర్లు: ఇప్పటిదాకా తేలినవి

ఆదివారాలు మా వీధి పిల్లలతో, అంటే మూడు నుంచి ఐదో తరగతి చదివేవాళ్ళతో టవర్లు కట్టిస్తున్నా కదా, ఈమధ్య సామాను మార్చాం. మొదట్లో న్యూస్‌పేపర్ గొట్టాలు, సెల్లోటేప్‌తో నడిపించాం గానీ చేతిలో టేప్ ఉన్నంతసేపూ పిల్లలు ఆలోచించరండి, ఎక్కడ ఊగితే అక్కడ ఇంకో చుట్టు చుట్టేస్తారు. అందుకే టేప్ పక్కనపెట్టి కొబ్బరి ఈనెలు, నానబెట్టిన శనగలు ఇస్తున్నా. కోనసీమలో ఈనెలకి కరువేముంది, ఏ దొడ్లో చూసినా దొరుకుతాయి.

ఇదేం కొత్త పద్ధతి కాదు. కిండర్‌గార్టెన్ మొదలుపెట్టిన ఫ్రోబెల్ అనే జర్మనీ ఆయన 19వ శతాబ్దంలోనే పిల్లలకి పుల్లలు, బఠాణీలు ఇచ్చి బొమ్మలు కట్టించేవాడు. జియోడెసిక్ డోమ్‌లతో, అంటే త్రిభుజాలు కలిపి కట్టే గుండ్రటి గోపురాలతో పేరొచ్చిన బక్‌మిన్‌స్టర్ ఫుల్లర్ అయితే 1899లో తను కిండర్‌గార్టెన్‌లో ఉన్నప్పుడు చూపు సరిగ్గా ఆనక, చేత్తో తడుముకుంటూ పుల్లలు బఠాణీలతో త్రిభుజాలు కట్టానని తర్వాత చెప్పుకున్నాడు.

శనగలు పెద్ద కాబూలీవి తీసుకోండి, రాత్రి నానబోస్తే పొద్దున్నకి సరిపోతాయి, నీళ్ళు వంచి పాత గుడ్డ మీద కాసేపు ఆరనివ్వాలి, మరీ ఎక్కువ నానితే గుచ్చగానే పప్పు విడిపోద్ది. ఈనెలు ఎండినవే కావాలి, పచ్చివి వంగిపోతాయి. ఈనె మొదట్లో లావు, చివర సన్నం కాబట్టి కోశాక లావువి ఒక డబ్బాలో, సన్నవి ఇంకో డబ్బాలో వేస్తున్నా, కింది అంతస్తులకి లావువి వాడాలని పిల్లలకి తొందరగానే తెలిసిపోయింది. కొసలు బ్లేడుతో ఏటవాలుగా కోసేది మాత్రం నేనే, ఆ పని పిల్లల చేతికివ్వను.

జట్టుకి ముగ్గురు, 10 సెంటీమీటర్ల ముక్కలు 35, 14 సెంటీమీటర్లవి 15, శనగలు 20, టైమ్ అరగంట. ఆ 14 సెంటీమీటర్లవి ఎందుకో నేను చెప్పను. నాలుగు పుల్లలతో చతురస్రం కట్టి ఒక మూల వేలితో నెడితే అది డైమండ్‌లా వాలిపోద్ది, నాలుగో తరగతి పాప ఒకమ్మాయి దాన్ని అలా అటూ ఇటూ వాలుస్తూ కూర్చుని కూర్చుని పొడుగు పుల్ల తీసి మూల నుంచి మూలకి గుచ్చింది, మళ్ళీ నెట్టింది, కదల్లేదు. "మాస్టారండీ, ఇంక వాలట్లేదండీ!" అని అరిచేసరికి పక్క జట్లన్నీ పొడుగు పుల్లల మీద పడ్డాయి. ఇలాగే ఏటవాలు కమ్మీలున్న రాజమండ్రి 1974 నాటి రోడ్డు కమ్ రైలు వంతెన ఫోటో చూపించింది ఆ తర్వాతే, ముందే చూపిస్తే కాపీ కొట్టేస్తారు.

నాకు బాగా నచ్చింది ఇంకోటుంది. చతురస్రం అడుగు పెట్టి ప్రతి పక్కకీ ఏటవాలు పుల్ల వేస్తే ఈ సామానుతో మూడు అంతస్తులే లేస్తాయి, నాలుగోదానికి పుల్లలు చాలవు. అదే అడుగు త్రిభుజంగా పెడితే అంతస్తుకి తొమ్మిది పుల్లలే పడతాయి కాబట్టి ఐదు అంతస్తులు, దగ్గరదగ్గర అర మీటరు వస్తుంది. పిల్లలు పుల్లలు లెక్కపెట్టుకుని ముందే ప్లాన్ వేసుకోవడం ఇక్కడ మొదలైంది.

బరువు టెస్టుకి పైన స్టీలు గ్లాసు పెట్టి చింతపిక్కలు గుప్పెళ్ళతో పోస్తాం. ఆరోజే కట్టింది తొందరగా కూలిపోద్ది, ఎందుకంటే పుల్ల విరక్కముందే శనగ చీలిపోద్ది. రెండు రోజులు ఆరనిస్తే శనగ ముడుచుకుని పుల్లని గట్టిగా పట్టేస్తుంది, అప్పుడు ఊడపీకడం కూడా కష్టమే. పుల్లల సంగతి అందరూ చూస్తారు గానీ టవర్ బలమంతా అతుకులోనే ఉందని నా గట్టి నమ్మకం. వానాకాలం మన డెల్టా చెమ్మకి బూజు పట్టేస్తుంది కాబట్టి ఫ్యాన్ కింద పెట్టి ఆరబెట్టాలి.

గాలి టెస్టు టేబుల్ ఫ్యాన్‌తో, పైన అట్టముక్క జెండాలా కట్టి. సన్నగా పొడుగ్గా లేపినవి విరగవు, మొత్తంగా పక్కకి పడిపోతాయి. ఈఫిల్ టవర్ ఎత్తు 330 మీటర్లయితే అడుగు ఒక్కో పక్క 125 మీటర్లు ఉంటుందని చెప్పా, అడుగు పెంచితే పైకి పుల్లలు మిగలవని పిల్లలు బేరాలు మొదలెట్టారు. వచ్చే ఆదివారం కాలువ గట్టు బంకమట్టి తెచ్చి కాళ్ళు పాతుకోవచ్చని చెప్తా, జట్టుకి ఒక్క నిమ్మకాయంత ముద్దే.