కళ్ళద్దాల షాపులో ఒక సినిమా

నిన్న రాత్రి షట్టర్ దించేశాక, తిరుపతిలో మా చిన్నాయన కళ్ళద్దాల షాపులోనే కూర్చుని ‘ది లుక్ ఆఫ్ సైలెన్స్’ చూశాం. 2014 నాటి డాక్యుమెంటరీ. ఇండోనేషియాలో 1965-66లో కమ్యూనిస్టులన్న ముద్ర వేసి, సైన్యం అండతో కనీసం 5 లక్షల మందిని చంపేశారు. తను పుట్టకముందే అన్నను అలా పోగొట్టుకున్న ఒకతను ముసలివాళ్ళకి కళ్ళు పరీక్షిస్తాడు. చంపినవాళ్ళకే! అద్దాలు మార్చి మార్చి పెడుతూ, మెల్లగా ఆ రోజుల గురించి అడుగుతాడు.

చిన్నాయన ముందు కళ్ళు పరీక్షించే ఆ ఫ్రేమ్‌నే చూశాడు. "మన దగ్గరుండేదే కదరా" అని నవ్వాడు. తర్వాత మాట్లాడలేదు. నేనైతే మధ్యలో ఆపి టీకి వెళ్ళొచ్చా, దాచడమెందుకు.

చివర్లో పేర్లు పడేచోట వరసగా ‘అజ్ఞాత వ్యక్తి’, ‘అజ్ఞాత వ్యక్తి’. దాదాపు యాభై ఏళ్ళయినా పేరు చెప్పుకోడానికి భయం. అక్కడి సెన్సారు థియేటర్లలో వద్దంది. మానవ హక్కుల కమిషన్ మాత్రం జకార్తాలో ప్రదర్శన పెట్టించింది. 2023 జనవరిలో అప్పటి అధ్యక్షుడు జోకో విడోడో ఆ హత్యల మీద విచారం తెలిపారు, క్షమాపణ మాత్రం అడగలేదు. అదంతా సినిమా వల్లే అనను, బాధిత కుటుంబాలు ఏళ్ళుగా పోరాడుతున్నాయి.

పొద్దున షాపుకి ఒక పెద్దాయన వచ్చాడు. చిన్నాయన అద్దం మార్చి "ఇప్పుడు కనపడతా ఉందా సామీ?" అన్నాడు. నా గుండె ఝల్లుమంది.