డీజిల్ కారు హీటర్ పని, ఇప్పటిదాకా

డిసెంబర్ 8

తెల్లవారి నాలుగున్నరకు తిరుమల నుంచి దిగుతున్నాం. అమ్మ వెనక సీట్లో శాలువా కప్పుకుని ముడుచుకు కూర్చుంది. హీటర్ నాబ్‌ని ఎర్ర గీత చివరిదాకా తిప్పి పెట్టాను. పైన గోరువెచ్చగా ఉన్న గాలి, ఏడో మైలు ఆంజనేయస్వామి దగ్గరికి వచ్చేసరికి చల్లబడిపోయింది. "నాయనా, ఆ గాలి ఆపేయి, చలి ఇంకా ఎక్కువైతా ఉంది" అంది అమ్మ. ఆ మాట మనసులో ఉండిపోయింది.

కారు 1.3 లీటర్ల డీజిల్, సెకండ్ హ్యాండ్‌లో కొన్నది. తిరుపతిలో హీటర్ వేసే రోజులు ఏడాదికి పది కూడా ఉండవు కాబట్టి కొన్నప్పుడు అది చూడాలని కూడా తట్టలేదు.

డిసెంబర్ 9

క్యాబిన్ ఫిల్టర్ మార్చాను. తేడా లేదు. గాలి జోరుగానే వస్తోంది, వేడే లేదు. కూలెంట్ (ఇంజన్‌ను చల్లబరిచే ద్రవం) బాటిల్‌లో మట్టం సరిగ్గానే ఉంది కానీ రంగు పాత డికాషన్‌లా ఉంది. ఎవరో బోరు నీళ్లు పోసినట్టున్నారు. మా వైపు బోరు నీళ్లతో బకెట్టుకే తెల్లటి పొర కడుతుంది, ఇక హీటర్ కోర్ (ఇంజన్ నుంచి వచ్చే వేడి కూలెంట్‌తో లోపలి గాలిని వేడిచేసే చిన్న రేడియేటర్) లోని సన్న గొట్టాలకు కట్టకుండా ఉంటుందా!

డిసెంబర్ 14

అసలు సంగతి ఈ రోజే తెలిసింది. బ్లూటూత్ ఓబీడీ స్కానర్ (ఇంజన్ కంప్యూటర్ అంకెలను ఫోన్‌కు పంపే పరికరం) పెట్టి, ఫోన్‌లో కూలెంట్ వేడి చూస్తూ మళ్లీ కొండకు వెళ్లాను. వంటింటి డిజిటల్ థర్మామీటర్‌ను మధ్య వెంట్‌లో గుచ్చాను. పక్క సీట్లో తమ్ముడు కూర్చుని అంకెలు రాశాడు.

ఎక్కేటప్పుడు కూలెంట్ 81 డిగ్రీల దాకా వెళ్లింది, వెంట్‌లో 38. దిగేటప్పుడు కూలెంట్ 57కి, వెంట్ గాలి 27కి పడిపోయాయి.

దిగేటప్పుడు సెకండ్ గేర్‌లో వస్తాం, యాక్సిలరేటర్ మీద కాలుండదు. ఆ సమయంలో ఇంజన్‌కు డీజిల్ దాదాపు అందదు, కాబట్టి వేడి పుట్టదు. వాటర్ పంపు మాత్రం తిరుగుతూనే ఉంటుంది. కూలెంట్‌ను రేడియేటర్‌కు వదిలే థర్మోస్టాట్ వాల్వ్ మూసుకుంటే ఉన్న వేడి ఇంజన్‌లోనే నిలుస్తుంది. తెరుచుకుని ఉంటే అంతా రేడియేటర్‌లోకి పోయి ఆరిపోతుంది. పైగా దిగడానికి 40 నిమిషాలకు తక్కువ పట్టకూడదని కొండ మీద నియమం. ఇంజన్ చల్లారడానికి అంత సమయం చాలు.

అలిపిరి దాటాక పక్కన ఆపి, బానెట్ ఎత్తి, హీటర్‌కు వెళ్లే రెండు గొట్టాలనూ పట్టుకున్నాను (బెల్టుకు, ఫ్యాన్‌కు దూరంగా చెయ్యి పెట్టాలి). లోపలికి వెళ్లేది వెచ్చగా ఉంది, బయటికి వచ్చేది దాదాపు చల్లగా ఉంది. రెండూ సమానంగా వేడిగా ఉంటే తప్పు డాష్‌బోర్డు లోపల గాలిని హీటర్ వైపు మళ్లించే ఫ్లాప్‌దని అనుకోవచ్చు. ఇక్కడ ఇంజనే చల్లగా ఉంది, దానికి తోడు కోర్ కూడా పూడింది.

డిసెంబర్ 15

ఇంజన్ పూర్తిగా చల్లారాక థర్మోస్టాట్ మూత బోల్టులు విప్పాను. లోపల వాల్వే లేదు! అంచు చుట్టూ ఎర్ర పేస్టు దట్టంగా పూసి మూసేశారు. వేలు పెట్టి తీస్తే తుప్పు బురద గోరు కింద ఇరుక్కుంది.

స్పేర్ పార్ట్స్ షాపులో చెబితే, "మన ఎండలకు బండి వేడెక్కుతాదని పీకేసుంటారన్నా, చాలామంది అట్లే చేస్తారు" అన్నాడు. ఇది నాకు మింగుడు పడలేదు. వేడెక్కుతుంటే రేడియేటరో ఫ్యానో చూడాలి గానీ వాల్వ్ తీసేయడమేంటి? చల్లగా నడిచే డీజిల్ ఇంజన్ ఎక్కువ డీజిల్ తాగుతుంది, తొందరగా అరుగుతుంది.

కొత్త వాల్వ్ మీద 88 (అది తెరుచుకునే డిగ్రీలు) అని అచ్చు ఉంది. బిగించే ముందు దారం కట్టి గిన్నె నీళ్లలో వేలాడదీసి స్టవ్ మీద పెట్టాను. 87 దగ్గర సన్నటి సందు కనిపించింది, నీళ్లు మరిగేసరికి చిటికెన వేలు మందం తెరుచుకుంది. మనసు కుదుటపడింది.

డిసెంబర్ 21

హీటర్ గొట్టాలు రెండూ ఊడదీసి, బయటికి వచ్చే వైపు నుంచి ట్యాప్ నీళ్లు మెల్లగా వెనక్కి వదిలాను. ప్రెషర్ ఎక్కువ పెడితే కోర్ పగిలి కార్పెట్ తడుస్తుంది. మొదట చుక్కలు చుక్కలుగా, తర్వాత ఇటుక రంగులో, అరగంటకు తేటగా వచ్చింది. చివర డిస్టిల్డ్ వాటర్‌తో కడిగి, సగం కూలెంట్ సగం డిస్టిల్డ్ వాటర్ కలిపి నింపాను. పాత కూలెంట్‌ను క్యాన్‌లో పట్టి మూత బిగించాను. తియ్యగా ఉంటుందని కుక్కలు నాకుతాయి, అది వాటికి విషం. దయచేసి కాలవలో పోయకండి.

గాలి బుడగలు పోవడానికి కారు ముందు భాగం ఎత్తుగా ఉండేలా వాలులో పెట్టి, హీటర్ ఫుల్ చేసి, రేడియేటర్ ఫ్యాన్ తిరిగేదాకా ఐడిల్‌లో ఉంచాను. మర్నాడు చల్లగా ఉన్నప్పుడు చూస్తే మట్టం తగ్గింది, ఒక గ్లాసుడు పోశాను.

డిసెంబర్ 28

అదే దారి, అదే వేళ. ఎక్కేటప్పుడు కూలెంట్ 89, దిగేటప్పుడు 79 కంటే తగ్గలేదు. వెంట్‌లో 51. చెక్ పోస్టు దగ్గర ఐడిల్‌లో ఉంచితే 44కి దిగింది. డీజిల్‌కు ఐడిల్‌లో అంతకన్నా వేడి పుట్టదు, దాన్ని లోపంగా లెక్కపెట్టడం లేదు.

మైలేజీ సంగతి రెండు ట్యాంకులు అయ్యాక రాస్తాను. రేడియేటర్‌లో కూడా ఆ ఇటుక రంగు బురదే ఉంటుంది, ఎండలు ముదరకముందే దాన్ని కడగాలి. ఏడో మైలు దాటాక అమ్మ, "కొంచెం తగ్గించు నాయనా, ఉక్కపోస్తా ఉంది" అంది.