క్యోటోలో దిబ్బ, సియోల్‌లో జైలు

క్యోటోలో మూడో రోజు సన్‌జూసన్‌గెన్‌దో గుడిలో వెయ్యిన్నొక్క విగ్రహాలు చూసి బయటపడ్డాం నేనూ మా తమ్ముడూ. నవంబర్ చివర, చలి బాగానే ఉంది, రూమ్‌కి నడిచే పోదాం అని మ్యాప్ తెరిస్తే దగ్గర్లో "మిమిజుకా" అని కనిపించింది. అంటే చెవుల దిబ్బ అట. ఇదేం పేరురా బాబూ అని అటు తిరిగాం.

ఇళ్ల మధ్యలో గడ్డి పెరిగిన మట్టి గుట్ట, పైన ఓ రాతి స్తంభం, పక్కనే పిల్లలు ఆడుకునే చిన్న పార్కు, అంతే. టికెట్ లేదు, జనం లేరు. జపనీస్‌తో పాటు కొరియన్‌లోనూ రాసిన బోర్డు మాత్రం ఉంది. అక్కడే ఫోన్‌లో చదువుకుంటూ నిలబడిపోయాం. 1592లో హిదెయోషి అనే జపాన్ పాలకుడు చైనాని కొట్టాలని దారిలో ఉన్న కొరియా మీద పడ్డాడు, 1597లో మళ్లీ పంపాడు సైన్యాన్ని. ఎంతమందిని చంపారో లెక్క చూపిస్తేనే గుర్తింపు, మరి తలకాయలు ఓడల్లో మోసుకురావడం కష్టం కదా, అందుకని ముక్కులు కోసి ఉప్పులో ఊరేసి పంపించారు, లెక్కపెట్టి రసీదులు కూడా ఇచ్చేవారట. సైనికులవే కాదు, మామూలు జనాలవి కూడా. కనీసం 38,000 మందివి ఈ గుట్ట కింద ఉన్నాయని అంచనా. అసలు పేరు ముక్కుల దిబ్బే, మరీ ఘోరంగా ఉందని తర్వాత చెవులు చేశారు.

అంతకంటే విచిత్రం, రోడ్డు చివర కనిపించే పెద్ద గుడి తొయొకుని జింజా. అందులో దేవుడు ఎవరనుకున్నారు, ఆ హిదెయోషీయే. "అన్నా, చంపినోడికి గుడి, చచ్చినోళ్లకి దిబ్బనా" అన్నాడు మావాడు. గెస్ట్‌హౌస్‌లో ఉన్న పెద్దాయన్ని ఆ దిబ్బ గురించి అడిగితే, తనది క్యోటోనే అయినా ఎప్పుడూ లోపలికి వెళ్లి చూడలేదన్నాడు, పాపం కొంచెం ఇబ్బంది పడ్డాడు కూడా, ఎందుకు అడిగానా అనిపించింది.

రెండ్రోజుల తర్వాత ఫ్లైట్‌లో సియోల్. అక్కడ మాత్రం ఈ కథ వెతుక్కోనక్కర్లేదు, అదే మన మీద పడుతుంది. గ్వాంగ్‌హ్వామున్ చౌరస్తాలో నడిమధ్య అదే యుద్ధంలో జపాన్ ఓడల్ని ముంచిన అడ్మిరల్ యీ సున్-షిన్ నిలబడి ఉంటాడు. వెనకాల గ్యోంగ్‌బొక్ ప్యాలెస్, 1592లో తగలబడి 270 ఏళ్లకు పైగా పాడుబడి ఉండి 1860ల్లో మళ్లీ లేచింది, 1895లో అక్కడే రాణి మ్యోంగ్‌సోంగ్‌ని జపాన్ వాళ్లు పంపిన మనుషులు నరికి చంపారు, 1910లో దేశాన్నే కలిపేసుకున్నాక ప్యాలెస్‌కి అడ్డంగా పెద్ద గవర్నమెంట్ బిల్డింగ్ కట్టారు. దాన్ని కొరియా వాళ్లు విముక్తి వచ్చిన యాభై ఏళ్లకి, 1995 ఆగస్టు 15న కూల్చడం మొదలెట్టారు. అవును, వాళ్లకీ పంద్రాగస్టే, మనకంటే రెండేళ్లు ముందు.

మర్నాడు సొదేమున్ జైలు. మెట్రో దిగగానే ఒక రాతి ద్వారం కనపడింది, జపాన్ నుంచి స్వాతంత్ర్యానికి గుర్తు అనుకుని మేం తెగ ఫోటోలు దిగాం, తీరా చూస్తే అది 1897లో చైనా పెత్తనం పోయిందని కట్టుకున్నదట! జైలు 1908లో తెరిచారు, ఎర్ర ఇటుక. జపాన్ నుంచి స్వాతంత్ర్యం కావాలని లేచిన 1919 మార్చి 1 ఉద్యమంలో పట్టుకొచ్చిన యు గ్వాన్-సున్ అనే స్కూల్ పిల్ల ఇక్కడే చనిపోయింది, పదిహేడేళ్లు. ఒక గదిలో గోడల నిండా ఖైదీల కార్డులు, వేలల్లో, ప్రతి కార్డు మీదా ముఖం. మావాడు ఒక్క మాట మాట్లాడలేదు అక్కడ. వెనకాల స్కూల్ పిల్లలు మాత్రం గోలగోలగా నవ్వుకుంటూ తిరుగుతున్నారు, టీచర్ అరుస్తోంది, మన ఎక్స్‌కర్షన్‌లు గుర్తొచ్చాయి.

జపాన్ ఎంబసీ దగ్గరున్న కంచు అమ్మాయి విగ్రహం కూడా చూశాం, జపాన్ సైన్యం బలవంతంగా లైంగిక బానిసలుగా వాడుకున్న ఆడవాళ్ల గుర్తుగా 2011లో పెట్టింది. మడమలు నేలకి ఆనవు, పక్కన ఖాళీ కుర్చీ. ఎవరో మెడకి మఫ్లర్ చుట్టారు. దక్షిణ కొరియాతో చేసుకున్న 1965 ఒప్పందంలో 30 కోట్ల డాలర్లు ఇచ్చాం, అన్నీ సెటిల్ అయిపోయాయి అంటుంది జపాన్. ఆ ముసలమ్మలు నోరు విప్పి చెప్పడం మొదలైందే 1991లో, మరి అప్పటికి బయటపడని దాన్ని ఎవరు సెటిల్ చేశారో నాకైతే అర్థం కాలేదు.

చివరి రాత్రి హాస్టల్ రిసెప్షన్‌లో ఉన్న కొరియన్ అమ్మాయి మేం జపాన్ నుంచి వచ్చామని తెలిసి ఒసాకాలో ఎక్కడ తిన్నారు, రేట్లెలా ఉన్నాయి అని వివరాలు లాగింది, వచ్చే నెల ఫ్రెండ్స్‌తో వెళ్తోందట. క్యోటో వెళ్తే ఆ దిబ్బ చూస్తావా అని అడిగాను. "క్వీ-ముదొమ్, పుస్తకంలో చదివాం" అంది వెంటనే (కొరియన్‌లో చెవుల దిబ్బ అనే), ఒక్క క్షణం ఆగి, "చూడాలి, కానీ మొదటి రోజు మాత్రం యూనివర్సల్ స్టూడియోసే, టికెట్లు తీసేశాం" అని నవ్వేసింది.